లాకుల దగ్గర మరిగిన బండి

కొత్తపేట నుంచి అమలాపురం వెళ్ళే దారిలో కాలవ నీళ్ళని ఆపే పాడుబడ్డ లాకులున్నాయి చూడండి... ఆ చోటు మంచిది కాదండి. పొద్దుగూకితే చాలు, సైకిలు మీదవాడు కూడా రామ రామ అనుకుంటూ తొక్కేసేవాడు. కార్లయితే సరేసరి. లాకుల గట్టెక్కేసరికి రేడియేటర్లో నీళ్ళు మరిగి, పొగలు కక్కి చతికిలబడతాయని పేరు. లోపలి మనిషి ప్రాణం తాగితే గానీ అక్కడి దెయ్యం దాహం తీరదనేవారు. ఎవరి కారు మరిగిందో చెప్పమంటే మాత్రం నీళ్ళు నమిలేవారు.

ఉన్నమాట చెప్పాలంటే, అక్కడ ప్రాణం పోయింది ఒక్కరిదేనండి. టాక్సీ తాతబ్బాయి భార్య సూర్యావతిది. ఇదంతా చాలా ఏళ్ళ తర్వాత మా అరుగు మీద కూర్చుని తాతబ్బాయే చెప్పేడు.

డెబ్బై ఆరులో సంగతి. ఆవిడకి ఆయాసం ఎక్కువైతే, తన పాత అంబాసిడర్‌లోనే వెనక సీట్లో పడుకోబెట్టి, రాత్రికి రాత్రి అమలాపురం ఆసుపత్రికి బయల్దేరేడు. లాకుల దగ్గర బండి మరిగిపోయింది. మెట్లు దిగి కాలవలోంచి డబ్బాతో నీళ్ళు తెచ్చి, ఇంజను చల్లారేదాకా ఆగి, పోసి, వెనక్కి తిరిగి చూసేసరికి... ఏముందండీ, అంతా అయిపోయింది.

"దెయ్యం పట్టేసిందండి నా బండిని," అని ఏడ్చేడు. "నీ తప్పేముందిరా తాతబ్బాయ్," అన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆ ముక్క పట్టుకునే మూడేళ్ళు బతికేడు. ఆ దారి మాత్రం మళ్ళీ తొక్కలేదు.

మూడేళ్ళయ్యేక ఓ రాత్రి మాత్రం తప్పలేదు. పెళ్ళివారిని అమలాపురంలో దింపి ఖాళీ బండితో వస్తున్నాడు. ఎప్పుడూ వచ్చే చుట్టుదారికి గండి పడింది. ఇంటికెళ్తే మాత్రం ఎవరున్నారు? తాళం తీసేదీ తనే, దీపం పెట్టేదీ తనే. అయినా వెళ్ళాలి కదండీ.

లాకుల గట్టెక్కేడు. సెకండ్ గేరు. బండి నెమ్మదించింది...

బుస్సుమంది!

బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి. డబ్బా పట్టుకుని అవే మెట్లు దిగేడు, అవే నీళ్ళు తెచ్చేడు. చల్లారేదాకా కూర్చున్నాడు. కీచురాళ్ళు తప్ప తోడు లేదు. వెనక సీటు వైపు చూడాలంటే భయం... చూడకుండా ఉండాలంటే అంతకన్నా దిగులు.

నీళ్ళు పోసి, బండి స్టార్ట్ చేసి, జేబురుమాలు తీసి గ్రిల్లు ముందు పట్టేడు.

అది సూర్యావతి అలవాటండి. రోజూ పొద్దున్నే ఇతను బండి స్టార్ట్ చేస్తే, ఆవిడ ముందుకొచ్చి పమిట చెంగు గ్రిల్లు ముందు పట్టేది. లోపల ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే చెంగు వెళ్ళి గ్రిల్లుకి అంటుకునేది. "లాగుతోందండీ!" అని కేకేసేది. ఆ కేక వింటే గానీ బండి వీధిలోకి వెళ్ళేది కాదు.

రుమాలు కదల్లేదు.

తాతబ్బాయి రుమాలు ఇంకాస్త దగ్గరగా పట్టేడు. అయినా అంతే. ఆవిడ పోయిన రోజు పొద్దున్న... ఆయాసపడుతూనే వచ్చి చెంగు పట్టింది. "సరిగ్గా లాగట్లేదండీ. ఫ్యాను బెల్టు వదులైందేమో చూడండి."

"ఆఁ, రేపు చూద్దాంలే," అన్నాడు తను.

ఈ మాట మూడేళ్ళుగా నరమానవుడికి చెప్పలేదండి.

"దెయ్యం కాదే..." చీకట్లోకి గుసగుసగా అన్నాడు. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. నువ్వు చెప్పేవు... నేను వినలేదు. నా తప్పు కప్పుకోడానికి ఈ చోటికి ఆ పేరు నేనే పెట్టేను." అని భోరుమన్నాడు.

కాసేపటికి ఇంజను ఆపి స్పానరు తీసేడు. వేలితో నొక్కితే బెల్టు రెండంగుళాలు లోపలికి పోయింది. చదును దారిలో ఎదురుగాలికి ఎలాగో నెట్టుకొచ్చేది గానీ, గట్టెక్కేటప్పుడు ఫ్యాను తిరక్కపోతే మరక్కేం చేస్తుందండీ? ఆవిడ పోయాక చెంగు పట్టి చూసేవాళ్ళేరీ? ఆ బెల్టు చుట్టుకున్న డైనమో బోల్టు వదులు చేసి, ఇనప రాడ్డుతో డైనమోని పక్కకి నెట్టి, బెల్టు బిగువెక్కేక మళ్ళీ బిగించేడు. పది నిమిషాల పని. అంతేనండి, పది నిమిషాలు.

బండి స్టార్ట్ చేసి రుమాలు పట్టేడు. చటుక్కున వెళ్ళి గ్రిల్లుకి అంటుకుంది.

నోరు ఆగలేదు. "లాగుతోందే, సూర్యావతీ!"

వెనక సీట్లోంచి... ఆయాసం లేని గొంతు.

"ఆయ్... ఇంక పదండి."