ఒక తల తక్కువ

ఇంజినీరు కాఫీ కప్పు పూర్తిగా దించనే లేదు. కుర్చీలోనే ఒరిగిపోయాడు. హోటల్ డాక్టరు గుండెపోటు అన్నాడు. కప్పు మాత్రం అప్పటికే ఎవరో కడిగేశారు.

గంట తిరక్కుండా దూదికి పిలుపొచ్చింది. అడుగుల చప్పుడు వినిపించనివ్వడని గూఢచారి డిపార్టుమెంటులో అతనికా పేరు.

"హార్డ్ డిస్కు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతికి ఒక స్టాండర్డ్ ఉంది," అన్నాడు చీఫ్. "దాన్ని ఓ కమిటీ మారుస్తోంది. కొత్త డ్రాఫ్టులో ఓ మూల ఒక కమాండ్ దూర్చారు. సర్వీసింగ్ కోసమట! అది పంపితే లాక్ వేసిన డిస్కు కూడా పాస్‌వర్డ్ అడక్కుండా నోరు విప్పేస్తుంది. ఇకముందు తయారయ్యే ప్రతి డిస్కూ అంతే. మన ఏజెంట్ల పేర్లు దాచుకునేవి కూడా."

"దూర్చిందెవరు సార్?"

"సరిహద్దు అవతలి ముఠా. సగానికి పైగా కమిటీని కొనేసింది. పసిగట్టిన సభ్యుడు ఆ ఇంజినీరు ఒక్కడే, అతనూ పోయాడు, ఆధారాలతో సహా. అతని బదులు నువ్వెళ్లు. ఇవాళే ఓటింగ్."

"ఆశ ఉందా సార్?"

"లేదు. అయినా వెళ్లు."

అరువు సూటు, మందపాటి కళ్లద్దాలు, చెవిలో కందిగింజంత ఇయర్‌పీస్. దూది కమిటీ హాల్లో వెనక వరసలో కూర్చున్నాడు. పక్క కుర్చీలోకి ఖరీదైన సెంటు వాసన వచ్చి చేరింది. ముత్యం! ముఠా జీతం తింటూ చీఫ్‌కి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. కమిటీలో పాత సభ్యురాలు.

"ఏసీ మరీ ఎక్కువైంది," అన్నాడు దూది. అది కోడ్.

"శాలువా మర్చిపోయాను," అంది ముత్యం. "ఏంటయ్యా ఆ కళ్లద్దాలు? లెక్కల మాస్టారిలా ఉన్నావ్."

"నేను లేచి అభ్యంతరం చెబితే?"

"బదులుగా వచ్చినవాడికి నోరూ లేదు, ఓటూ లేదు. తలల లెక్కలోకి కూడా రావు. నేను చెబితే రాసుకుంటారు, ఓటింగ్ పెడతారు, గెలుస్తారు."

"ఫైర్ అలారం?"

"కాసేపు లాన్‌లో నిలబడి మళ్లీ వచ్చి కూర్చుంటారు."

చైర్మన్ మైకు సవరించుకున్నాడు. "కోరం చూడండి."

గుమస్తా పెన్సిలుతో గాల్లో పొడుస్తూ లెక్కపెట్టాడు. "ఓటింగ్‌కి ఉండాల్సిన తలలు సరిగ్గా సరిపోయాయండీ. ఒక్కరు కూడా ఎక్కువ లేరు."

దూది వెన్ను నిటారైంది. ఇంజినీరు బతికుంటే ఒకరు ఎక్కువుండేవారు. ముఠా అతన్ని చంపింది గానీ, ఆ మనిషీ కోరంలో ఒక తలేనని ఆలోచించలేదు.

అతను ముత్యం వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"అడుగు, ఫరవాలేదు," అందామె.

"ఓటింగ్ మొదలయ్యేలోపు నువ్వు బయటికెళ్లాలి."

"వరండాలో మా ముఠావాళ్లున్నారు. ఎందుకు లేచానో వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు."

"నేనూ వస్తాను."

"తుపాకీ ఉందా?"

"గేటు దగ్గరే లాక్కున్నారు."

"మరి వచ్చి ఏం చేస్తావ్? చప్పుడు చెయ్యకుండా చస్తావా?" ముత్యం నవ్వింది.

"సమ్మతించేవారు చేతులు..."

చైర్మన్ మాట పూర్తికాలేదు. ముత్యం లేచింది. హైహీల్స్ టకటకలాడాయి. తలుపు మూసుకుంది.

"కోరం పోయిందండీ!" అరిచాడు గుమస్తా. హాలంతా గోల. చైర్మన్ సమావేశం వాయిదా వేశాడు.

దూది పరుగు తీశాడు. వరండా ఖాళీ. మెట్లన్నీ దూకుతూ దిగేసరికి వెనక గేటు దాటి నల్లకారు మలుపు తిరుగుతోంది.

"సాధించావోయ్," అన్నాడు ఇయర్‌పీస్‌లో చీఫ్.

"ఎన్నాళ్లకి సార్?"

"వచ్చే సమావేశం దాకా. ఈసారి వాళ్లు తలలు లెక్కపెట్టుకునే వస్తారు."

"ముత్యం సంగతి?"

చీఫ్ లైను కట్ చేశాడు.

గుమస్తా రొప్పుతూ వచ్చాడు. "సార్, ఆ మేడమ్ మీకు తెలుసా? వచ్చే సమావేశానికి రాకపోతే ఆవిడ సభ్యత్వం రద్దవుతుందండీ. కాస్త చెబుతారా?"

దూది కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఆవిడకి రూల్సన్నీ బాగా తెలుసు," అన్నాడు.