వరహాలమ్మ దోషం

మధ్యాహ్నం ముద్దపప్పు వేళకు మూడో నంబరు పసిలోగిలిలోని ఆయాలందరి చెవుల్లోనూ ఒకే పేరు ఒకేసారి పలికింది.

"ఇప్పుడు 'మార్తాండం' అనండి. గొంతు తగ్గించి, కళ్ళు పెద్దవి చేసి అనండి," అంది చెవిపలుకు. చెవిలో ఇమిడిపోయే గింజంత యంత్రం అది. దాని గొంతుకు ఎప్పుడూ తేనె పూసి ఉంటుంది.

ఆయాలు అన్నారు. "అదిగో, మార్తాండం వస్తున్నాడు!"

వరసగా కూర్చున్న పిల్లలు టక్కున నోళ్ళు తెరిచారు. అప్పటిదాకా కాళ్ళు తన్నుకుంటున్నవాళ్ళు కూడా బిగుసుకుపోయారు. ముద్దలు ఒకదాని వెంట ఒకటి దిగిపోయాయి. గోడమీది ఏడుపుకొలత అడుక్కి దిగి పచ్చగా వెలిగింది.

వరహాలమ్మ తన ముందున్న పిల్లవాడి మూతి తుడుస్తూ ఆ పేరును బెల్లం ముక్కలా చప్పరించింది. ఈపాటికి ఒక్క కాకినాడలోనే కాదు, రాష్ట్రంలో ఉన్న ప్రతి పసిలోగిలిలోనూ అదే పేరు, అదే భయం. ఆ పేరుగల మనిషికి మాత్రం ఇంకా తెలిసినట్టు లేదు. ఆయనకు తెలిసే రోజు కోసమే ఆమె కాచుక్కూర్చుంది.

సముద్రం రెండు వీధులు మింగాక ఎత్తు స్తంభాల మీద కట్టిన ఈ కొత్త కాకినాడలో, పెద్దవాళ్ళు పగలు ఉండే ఇల్లంటూ లేదు. బడి ఈడు రాని పిల్లలందరూ పసిలోగిళ్ళలోనే పెరుగుతారు. వాటన్నిటినీ నడిపేది పెంపకవాహిని అనే మహాయంత్రం. ఏ ఆయా చేతిలో బిడ్డ త్వరగా తిన్నదో, ఏ మాటకు కన్ను మూసిందో అది కనిపెట్టి చూస్తుంది. మంచి ఫలితం కనబడితే ఆ పద్ధతిని నాలుగు ఊళ్ళలో పరీక్షించి, తెల్లారేసరికి తాజాపలుకుగా మార్చి ఆయాలందరి చెవుల్లోనూ ఊదుతుంది. నిన్నటిదాకా బిడ్డను కుడివైపు తిప్పి పడుకోబెట్టమన్న గొంతే ఇవాళ ఎడమవైపు అంటే, రాష్ట్రంలోని పసివాళ్ళంతా ఎడమకు తిరగవలసిందే. ఆయాకు సొంత బుద్ధి ఉండటం బిడ్డకు ప్రమాదమని దాన్ని తయారుచేసినవాడి సిద్ధాంతం. ఆయన పేరు డాక్టర్ మార్తాండరావు, పెంపక సంచాలకుడు.

ఆయనకూ వరహాలమ్మకూ పగ ఎలా మొదలైందో చెప్పాలంటే స్నానం దగ్గర మొదలుపెట్టాలి. ఒకప్పుడు జగన్నాథపురంలో ఎవరింట పురుడొచ్చినా ముందు వరహాలమ్మకే కబురు వెళ్ళేది. పీట మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, పసిగుడ్డును ఆ కాళ్ళ మీద వేసుకుని, ఒళ్ళంతా నూనె మర్దించి, నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసేది. ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి, సాంబ్రాణి పొగ చూపించి తల్లి పక్కలో వేస్తే బిడ్డ పొద్దు వాలేదాకా లేచేది కాదు. ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోయించుకోని బిడ్డ ఆ పేటలో లేదని చెప్పుకునేవారు.

పసిలోగిళ్ళు వచ్చాక ఆమె కూడా ఆయాగా చేరింది. నాలుగేళ్ళ కిందట ఇదే పసిలోగిలిలో ఒక చంటివాడు నీటిపొత్తిలిలో, అంటే పిల్లలకు స్నానం చేయించే యంత్రంలో, గుక్కపట్టి నీలంగా మారుతుంటే వరహాలమ్మకు చెవిలోని గొంతు వినబడలేదు. వాణ్ణి బయటకు లాగి, కాళ్ళు చాపి, కాళ్ళ మీద వేసుకుని తన చేతులతో నీళ్ళు పోసింది. వాడు ఊపిరి తీసుకున్నాడు, నవ్వాడు, నిద్రపోయాడు. సాయంత్రానికి ఆమెను విచారణకు పిలిచారు. అనుమతించిన దానికంటే ఎక్కువసేపు బిడ్డ ఒంటిని తాకిందట!

మార్తాండరావు ఆమె ముఖమైనా చూడలేదు. పిల్లవాడు ఎలా ఉన్నాడనీ అడగలేదు. టీ తాగుతూ పక్కవాడితో అన్నాడు: "తప్పు గుర్తుండాలంటే దానికొక పేరుండాలి. దీన్ని వరహాలమ్మ దోషం అందాం."

ఆమెను పనిలోంచి తీసేశారు. మర్నాటి తాజాపలుకులో రాష్ట్రంలోని ఆయాలందరికీ ఆ మాట వినిపించింది. 'బిడ్డను కాళ్ళ మీద వేసుకోవద్దు. వరహాలమ్మ దోషం అవుతుంది.' కొత్తగా చేరిన ఆయాలకు మొదటి పాఠం అదే. ఎవరైనా బిడ్డను కాస్త ఎక్కువసేపు ఎత్తుకుంటే పక్కవాళ్ళు "వరహాలమ్మా, దించు" అని నవ్వేవారు. చెల్లెలి కోడలు కాన్పయినప్పుడు వరహాలమ్మ కాళ్ళు కడుక్కుని, కొంగు దోపుకుని ముందుకు వెళ్తే, ఆ పిల్ల బిడ్డను గుండెకు హత్తుకుని "వద్దులెండి పెద్దత్తగారూ, ఏవన్నా అవుద్దేమో" అంది. చెల్లెలు కాచిన నీళ్ళ బిందె లోపలికి మోసుకుపోయింది. అప్పటి నుంచి కొత్తవాళ్ళెవరైనా పేరు అడిగితే "అవ్వ అను, చాలు" అని ఊరుకునేది.

ఒకసారి రాజమండ్రిలోని ఆయన కార్యాలయానికి వెళ్ళి బతిమాలుకుంది. "ఉజ్జోగం పీకేసినా పర్లేదండీ బాబూ. మా అమ్మ పెట్టిన పేరండి. దాన్ని మాత్రం అందులోంచి తీసెయ్యండి."

"ఆ పేరు పెట్టాక తప్పులు సగానికి సగం తగ్గాయి," అన్నాడు మార్తాండరావు. "ఫలితమిచ్చే సూచనను మనిషి చేత్తో తీయకూడదు. నియమం. నేను తీయాలన్నా నా వల్ల కాదు."

మెట్లు దిగుతూ వరహాలమ్మ అనుకుంది, ఈయనకూ వాళ్ళమ్మ ఒక పేరు పెట్టే ఉంటుంది కదా అని.

పాము పగ పన్నెండేళ్ళంటారు. వరహాలమ్మకు అంత తీరిక లేదు. ఆయాలకు కరువొచ్చి ఆమెను మళ్ళీ పనిలోకి పిలిచిన రోజునే మొదలుపెట్టింది. బూచి, దెయ్యం, పోలీసు, సూది లాంటి మాటలు పలికితే చెవిపలుకు ఈల వేసి మందలిస్తుంది. పిల్లలను భయపెట్టకూడదు మరి. కానీ సంచాలకుడి పేరును అడ్డుకునే తెలివి దానికి ఎవరూ నేర్పలేదు. పెద్దవాళ్ళ పేరు ఎవరికి భయం?

ముద్ద మింగని పిల్ల ముందు వంగి, గొంతు తగ్గించి, కళ్ళు పెద్దవి చేసి "అదిగో, మార్తాండం వస్తున్నాడు" అనేది. ఎవరని గానీ, ఎలా ఉంటాడని గానీ చెప్పేది కాదు. మిగతాది పిల్లలే ఊహించుకున్నారు. పెంపకవాహిని చూసింది. ఈ ఆయా దగ్గర ముద్దలు త్వరగా దిగుతున్నాయి, ఏడుపు లేదు. భయంతో బిగుసుకుపోయిన బిడ్డకూ కడుపు నిండి కుదురుగా ఉన్న బిడ్డకూ ఏడుపుకొలతకు తేడా తెలియదు. కొన్నాళ్ళకు ఒక పొద్దున్న తాజాపలుకులో ఆ పేరు వినబడగానే వరహాలమ్మ సామాన్ల గదిలోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని తనివితీరా నవ్వింది.

ఆ తరవాత వచ్చింది తొలకరి. మూడేళ్ళ పిల్ల, గుమ్మడిగింజల్లాంటి పళ్ళు. మార్తాండరావుకు ఒక్కగానొక్క మనవరాలు. రోజూ తల్లి తీసుకొచ్చి తల్లే తీసుకువెళ్ళేది. ఆ పిల్ల ఎవరి మనవరాలో తెలిసిన రోజున, ఆ పేరు పలకబోతూ వరహాలమ్మ ఒక్కసారి ఆగింది. ఆగి, పలికింది. తొలకరి నోరు తెరిచి ముద్ద మింగి, వచ్చి ఆమె కొంగు వెనక దాక్కుంది. ఆ రోజు నుంచి ఆ కొంగు వదల్లేదు. పగ తీర్చుకోవడానికి చేరదీసిన పిల్ల మీద మమకారం పుడుతుంటే వరహాలమ్మకు తన మీద తనకే కోపం వచ్చేది.

ఇవాళ ఆ ముద్దపప్పు ఇంకా పూర్తికాకముందే వీధితలుపు తెరుచుకుంది. జుట్టు నెరిసిన, ఇస్త్రీ మడత నలగని మనిషి లోపలికి వచ్చాడు. వరహాలమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"నమస్కారమండీ, మార్తాండ..." అంటూ లేచింది రోజ్‌మేరీ అనే పడుచు ఆయా, అలవాటుగా. సగంలో నాలుక కరుచుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది. గదిలోని పిల్లలందరూ ఒక్కసారి నోళ్ళు తెరిచారు. ఎవరూ ఏడవలేదు. తెరిచిన నోళ్ళతో, ముద్ద కోసం, గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయారు.

మార్తాండరావు ఆ నోళ్ళన్నీ చూశాడు.

"నిన్న మా ఇంటికొచ్చినాయన గుమ్మంలోంచి నన్ను పేరు పెట్టి పిలిచాడు," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "నా మనవరాలు మంచం కిందికి దూరింది. నోరు తెరుచుకుని కూర్చుంది. ఎంత పిలిచినా రాదు. ఎవరు నేర్పారిది?"

"తాజాపలుకండి," అంది వరహాలమ్మ. "పైనుంచి వచ్చింది. రోజూ పూటకోసారి అనమంటది, అంటన్నాం."

"ముందు ఎవరన్నారు?"

"నేనేనండి."

ఆయన మొదటిసారి ఆమె ముఖంలోకి సరిగా చూశాడు. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. గుర్తుపట్టాక చూపు దించుకున్నాడు.

"పసిపిల్లలతో పగ తీర్చుకుంటావా?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. అయినా వరహాలమ్మ తొణకలేదు. "బాగా తింటన్నారండి. ఏడుపు లేదు. ఫలితం మీరే చూసుకోండి."

"దీన్ని తీయించాలి. ఇవాళే."

"తియ్యండి మరి. ఎవరొద్దన్నారు?"

మార్తాండరావు నోరు తెరిచాడు. నియమం గుర్తొచ్చి మూశాడు. వరహాలమ్మ నెమ్మదిగా, ఒక్కొక్క మాటే అందించింది. "ఫలితమిచ్చే సూచనను మనిషి చేత్తో తీయకూడదు. మీరు తీయాలన్నా మీ వల్ల కాదు. ఈ మాట నాతో చెప్పింది తవరే కదండీ. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంతండి."

ఈలోగా ఆ కొంగు వెనక నుంచి తొలకరి తొంగిచూసింది. "తాతా!" అంటూ పరుగున వచ్చి ఆయన కాళ్ళు చుట్టేసింది. ఆ పిల్లకు తాత అంటే తాతే. తాతకు ఇంకో పేరుంటుందని ఇంకా తెలియదు. ఆయనను చెయ్యి పట్టుకు లాగి చాప మీద కూర్చోబెట్టింది. తన గిన్నెలో మిగిలిన పప్పన్నం ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది.

"తినెయ్ తాతా."

"ఆకలిగా లేదమ్మా."

తొలకరి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, కళ్ళు పెద్దవి చేసింది. "తినెయ్ తాతా. లేకపోతే మార్తాండం వచ్చేత్తాడు."

మార్తాండరావు ముద్ద తిన్నాడు. నమల్లేక మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ దృశ్యం కోసం నాలుగేళ్ళు ఎదురుచూసిన వరహాలమ్మ కళ్ళారా చూసింది. నవ్వొస్తుందనుకుంది గానీ రాలేదు. అయినా చూపు తిప్పుకోలేదు.

ఆయన మనవరాలిని చంకనెత్తుకుని గొంతుతలుపు దగ్గరకు నడిచాడు. మనిషి ముఖాన్ని నకలు చేయడం చిటికెలో పని అయిన ఆ కాలంలో, ఆ తలుపును నమ్మించేలా గొంతును మాత్రం ఇంకా ఎవరూ నకలు చేయలేకపోయారు. అందుకే బిడ్డను బయటకు తీసుకువెళ్ళేవారు తలుపు ముందు తమ పేరు గట్టిగా చెప్పాలి. తలుపు ఆ పేరును లోగిలంతా వినబడేలా తిరిగి పలికి మరీ తెరుచుకుంటుంది. అదీ ఆయన పెట్టిన నియమమే.

"బిడ్డతో వెళ్ళేవారు పేరు చెప్పండి," అంది తలుపు.

మార్తాండరావు నిలబడిపోయాడు. తొలకరి ఆయన మెడ చుట్టూ చేతులు వేసి, చెంపకు చెంప ఆనించి ఉంది. ఆయన పెదవులు కదిపాడు.

"వినబడలేదు. గట్టిగా చెప్పండి," అంది తలుపు.

ఆయన మళ్ళీ గొణిగాడు. తలుపు మళ్ళీ అదే మాట అంది. తన పేరు తాను నలుగురిలో చెప్పుకోలేకపోవడం ఎలా ఉంటుందో ఆయన వీపు చూస్తే తెలుస్తోంది. ఆ సంగతి వరహాలమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆయన వెనక్కి తిరిగాడు. "ఆయా పూచీ ఉన్నా తెరుచుకుంటుంది," అన్నాడు. "నువ్వు... మీరు చెప్పండి."

"ఎవరండీ? ఇక్కడ చాలామంది ఆయాలున్నారు."

"వరహాలమ్మ గారూ," అన్నాడు ఆయన.

"వినబడలేదండి. గట్టిగా చెప్పండి," అంది వరహాలమ్మ, అచ్చం తలుపులాగే.

"వరహాలమ్మ గారూ! మీరే చెప్పాలి."

ఆయాలందరూ విన్నారు. నాలుగేళ్ళుగా వెనక దోషమన్న మాట లేకుండా వాళ్ళెవరూ విని ఎరగని పేరది. వరహాలమ్మ లేచి, కొంగు సర్దుకుని, తలుపు ముందుకు వచ్చి నిండు గొంతుతో తన పేరు చెప్పింది. లోగిలంతా మారుమోగేలా తలుపు ఆ పేరును తిరిగి పలికి తెరుచుకుంది.

మార్తాండరావు తల వంచుకుని గడప దాటాడు. ఆయన భుజం మీది నుంచి తొలకరి చెయ్యి ఊపింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి బుగ్గలు బిగించింది.

"అవ్వా! మార్తాండం వత్తే తలుపు తియ్యకేం."

ఆయన అడుగు ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు. పిల్లను ఇంకాస్త గట్టిగా హత్తుకున్నాడు.

"తియ్యనమ్మా," అంది వరహాలమ్మ.