సీతారత్నం గారి కాలవ గట్టు

శనివారం పొద్దున్న హైమవతి ఉప్మా పళ్ళెం పట్టుకుని భోజనాల బల్ల దగ్గర కాసేపు నిలబడింది. పెట్టుకోవడానికి చోటు లేదు. బల్ల నిండా పాతకాలపు గ్రామ పటాల నకళ్ళు పరిచి ఉన్నాయి, ఒకదాని అంచుకి ఇంకొకటి టేపు వేసి అతికించినవి. వాటి మీదికి వంగి, భూతద్దం పెట్టుకుని, ఆవిడ భర్త సుధీంద్ర ఏదో సన్నటి గీతని వెంబడిస్తున్నాడు. జరపమని అడగడానికి కూడా ఓపిక ఉండాలిగా. వంటింట్లోకి వెళ్ళి గట్టుకి ఆనుకుని నిలబడే తినేసింది.

ఢిల్లీ మయూర్ విహార్‌లో వాళ్ళది రెండు పడగ్గదుల ఫ్లాటు. సుధీంద్ర కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యాడు. హైమవతికి ఇంకా స్కూలు ఉద్యోగం ఉంది. అత్తగారు సీతారత్నానికి ఎనభై దాటి చాలా కాలమైంది. మంచం దిగాలంటే ఒకరు పట్టుకోవాలి. ఆ ఒకరు ఎప్పుడూ హైమవతే. ఆయన రిటైరైతే కాస్త చేతిసాయం దొరుకుతుందనుకుంది పాపం. దొరికింది పటాల పిచ్చి. మెట్రో ఎక్కి పాత రికార్డుల ఆఫీసుకి పోవడం, గోదావరి జిల్లాలో తన తండ్రి పుట్టిన చింతలగరువు పటాలకి నకళ్ళు తెచ్చుకోవడం, వాటిని ఫోనులో ఉపగ్రహ చిత్రంతో పోల్చుకోవడం. ఏడాదిగా ఇదే వరస. ఎందుకండీ అంటే, వంశవృక్షం రాస్తున్నా అంటాడు.

గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే కూతురు అనూహ్య ఆ పిచ్చికి తోడు. ఆ పొద్దున్న కూడా స్పీకరులో ఆ పిల్ల గొంతే వినిపిస్తోంది.

"డాడీ, శాటిలైట్ ఫొటో మీద పాత మ్యాప్ పెట్టి, దాన్ని కొంచెం లైట్ చెయ్యి. పాత కాలవ ఎక్కడుండేదో కనిపిస్తుంది. బస్, హో గయా, అంతే."

"కనిపించిందమ్మా," అన్నాడు సుధీంద్ర. "దొరికింది."

ఫోను పెట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "హైమా, గురువారం రైలుకి టిక్కెట్టు తీస్తున్నా. చింతలగరువు వెళ్ళి వారంలో వచ్చేస్తా."

"వారమా? మరి అత్తయ్యగార్ని ఎవరు చూస్తారండీ? నాకు పరీక్ష పేపర్లు దిద్దే పనుంది."

"నువ్వున్నావుగా."

హైమవతి చేతిలో గిన్నె సింకులో వదిలేసింది. కుళాయి కట్టేసి ఆయన వైపు తిరిగింది.

"ఉన్నానండీ. ఎప్పుడూ ఉన్నాను. పోయిన నెల ఆవిడ బాత్రూములో జారిపడ్డప్పుడూ నేనే ఉన్నాను. మీరు పటాలు చూడ్డానికి వెళ్ళారు. మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేకపోతున్నానని రెండు సార్లు చెప్పాను, ఊఁ అన్నారు. మీ తాతలు ఏ వీధిలో ఉండేవారో మీకు కావాలి. మీ అమ్మ పక్క గదిలోనే ఉందిగా, ఆవిడ దగ్గర కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయింది?"

"ఇదంతా అమ్మ కోసమే హైమా."

"అమ్మ కోసమా?"

సుధీంద్ర కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ భార్యకి చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. పోయిన చలికాలం జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు సీతారత్నం ఆయన చెయ్యి పట్టుకుని చెప్పిందట, ఆయన కంటే ముందు ఒక బిడ్డ పుట్టి పోయిందని. చేలో, కాలవ గట్టున పూడ్చారని. తను పోయేలోగా ఆ చోట ఒక చెంబుడు పాలు పోసి రమ్మని. పురిట్లో పోయిన పసిగుడ్డుకి తద్దినాలు ఉండవు. అందుకే ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు.

"దొరికాక నీకు చెబుదామనుకున్నా," అన్నాడు. "అమ్మని వివరంగా అడుగుదామంటే కళ్ళు తుడుచుకుంటుంది. నేను చూడలేను. పటాలతో ఆ బాధ లేదు. మన పొలం అమ్మేశారు, కాలవ మళ్ళించారు. పాత పటంలో తాతయ్య చేనూ కాలవా కలిసేది ఒక్క చోటే. ఇదిగో, అన్నయ్యని పెట్టింది ఇక్కడే."

హైమవతి బల్ల దగ్గరికి వచ్చి ఆ వేలి కింద చోటుకేసి చూసింది. కోపం దిగిపోయింది. నీరసం మాత్రం అలాగే ఉంది. ఒక కుర్చీ మీద పటాలు పక్కకి జరిపి కూర్చుంది.

"ఏవండీ, అది అత్తయ్యగారికి తొలికాన్పేనా?"

"అవును. నాకంటే ముందు ఇంకెవరూ లేరు."

"మరి తొలికాన్పు పుట్టింట్లో కదండీ. చింతలగరువులో ఎందుకు పెడతారు? అనూహ్య కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ ఢిల్లీ దాకా వచ్చి నన్ను తీసుకెళ్ళలా? స్టేషన్లో మీరేగా రైలెక్కించారు."

సుధీంద్ర పటం మీంచి వేలు తీసేశాడు. నౌకరీ చేసినన్నాళ్ళూ అందరి ఫైళ్ళలో తప్పులు పట్టిన మనిషి. వంశం అనగానే తండ్రి ఊరు, తండ్రి పొలం, తండ్రి తాతలు అనుకున్నాడు. తల్లి పుట్టిన ఉప్పులంక పటం ఒక్కటి కూడా ఆ బల్ల మీద లేదు. ఆ ఊరు వెతకాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

ఇద్దరూ పక్క గదిలోకి వెళ్ళారు. సీతారత్నం దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ బిడ్డని పెట్టింది ఉప్పులంకలోనా?"

"మరెక్కడరా? పురుడు పోసుకుంది అక్కడేగా."

"చోటు గుర్తుందా?"

"నేను చూస్తేగా. పురిటి గదిలోంచి బయటికి రానిస్తారా? మా నాన్న పెరటి గుమ్మంలోంచి ఎత్తుకెళ్ళాడు. చేలో కాలవ గట్టున పెట్టానని మా అమ్మతో అన్నాడు. తిరిగొచ్చినప్పుడు పంచె మోకాళ్ళ దాకా తడిసుంది. దాటి అవతలి గట్టుకి వెళ్ళుంటాడనుకున్నా. నేనడగలా. వాళ్ళూ చెప్పలా."

ఏడాది తిరిగి, పటాల మీద ఊరంతా కొలిచి, సుధీంద్ర తెచ్చుకోలేని మాట అది. పక్క గదిలోకి వచ్చి అడిగితే చెప్పేసింది.

"అయితే పెరటి వెనక కాలవ, దాని అవతలి గట్టు. ఉప్పులంక పటం తెప్పిస్తానమ్మా. తేలిగ్గానే తెలుస్తుంది. అన్నయ్యని పెట్టిన చోటు..."

"అన్నయ్యేవిటి?" అంది సీతారత్నం. "ఆడపిల్లరా. అక్క నీకు."

సుధీంద్రకి తను రాస్తున్న వంశవృక్షం కళ్ళ ముందు కనిపించింది. తండ్రి పేరు కింద ఒక గడి గీసి, అందులో మగశిశువు అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. ఎవర్నీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయాడు. మంచం పక్కన నేల మీద చతికిలబడి, చిన్నపిల్లాడిలా అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. హైమవతి ఆయన్ని ఊరుకోబెట్టలేదు. మంచం చివర కూర్చుని, పొద్దుట్నుంచీ లాగేస్తున్న కాళ్ళు చాపుకుంది.

"సోమవారమే వెళ్ళి ఆ పటం కోసం అర్జీ పెడతానమ్మా. దొరకగానే వెళ్ళి పాలు పోసి వస్తా."

"వెళ్దువుగానిలే," అంది సీతారత్నం. "ఇప్పుడు కూచో."

అక్కడే కూర్చున్నాడు. కింద రోడ్డు మీద కూరల బండివాడు ఆలూ, ప్యాజ్ అని అరుచుకుంటూ పోయాడు. ఆ అరుపు దూరమయ్యాక నెమ్మదిగా అడిగాడు.

"ఎలా ఉండేదమ్మా, అక్క?"

సీతారత్నం కోడలి వంక చూసింది. మళ్ళీ కొడుకు వంక చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడని ఆ మాట ఒక్కరూ అడగలేదు. కట్టుకున్నాయన అడగలేదు. కన్నవాళ్ళు మరిచిపొమ్మన్నారు, అంతే.

"తలనిండా జుట్టు," అంది. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోలేదు, గొంతు మటుకు తేలిగ్గా ఉంది. "బారసాల కాకుండానే పోయిందిగానీ, గట్టి పిల్లరా. నా వేలు పట్టుకుందంటే వదిలేది కాదు. మా అమ్మొచ్చి విడిపిస్తేగానీ నాకు అన్నం తినడం కుదిరేది కాదు."

కుడిచెయ్యి కొడుకు ముందుకి చాపింది.

"ఇదిగో," అంది. "ఈ వేలే."