ఒక చెయ్యి జేబులో

నార్మన్ పిలింగ్‌ని శనివారం ఉదయం ఏడూ పదికి కాలువలోకి తోశారు. ఏడున్నరకి శవం లాకు గేటు దగ్గర తేలింది. ఎనిమిదింటికి గూఢచారి డిపార్ట్‌మెంట్ అధిపతి ఫిన్‌లే, మాంచెస్టర్ ఆఫీసులో మీటింగ్ పెట్టాడు. ఎనిమిదీ ఐదుకి బిస్కెట్లు అయిపోయాయి.

"మన ఆఫీసులో ఒకరు అమ్ముడుపోయారు," అన్నాడు ఫిన్‌లే, అందరికీ తెలిసిన ముక్కని తనే కనిపెట్టినట్టు. "పరాయి ముఠాలో టైపిస్టుగా ఉండి పారిపోయి వచ్చిన రూటా అనే అమ్మాయి ఒక్కతే ఆ ద్రోహి మొహం చూసింది. ఆమెని నార్మన్ దాచాడు. ఎక్కడో మనకి చెప్పలేదు."

"మీకు చెప్పలేదు కాబట్టే ఆ పిల్ల ఇంకా బతికుంది," అంది హిల్డా ఎంట్విసిల్.

హిల్డాకి యాభై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు మూడు సరిహద్దులు మూడు వేషాల్లో దాటిన ఏజెంట్. ఇప్పుడు ఆమెని నేలమాళిగలో కేబుళ్ళ గదికి కాపలా పెట్టారు. ఆ గదిలో నార్మన్, ఆమె ఎదురెదురు బల్లల మీద ఇరవై ఏళ్ళు టంకం పొగ పీల్చారు.

ఫిన్‌లే విననట్టే చీటీ తీశాడు. "ఇవాళ ఓల్డ్‌షా క్లబ్ హాల్లో పాత కంప్యూటర్ల సంత. అక్కడ నార్మన్ నిన్ననే సర్దిన బల్ల మీద ఒక కంప్యూటర్, మానిటర్, క్యాసెట్ ఉన్నాయట. పెట్టె మీద 'హిల్డాకి' అని రాసి ఉంది. నీతోపాటు సెరీనా వస్తుంది."

టెక్నికల్ విభాగపు ముద్దుబిడ్డ సెరీనా వాన్స్ చిరునవ్వు నవ్వింది. దంతపు రంగు సూటు ఒంటికి పోతపోసినట్టుంది. ఒక్క జేబు కూడా లేదు. జేబుంటే కుట్టు చెడుతుందట.

"హిల్డా గారూ, మీరు శ్రమపడకండి. నా దగ్గర కన్వర్టర్ ఉంది," అంది.

"ఉంటుందమ్మా. నీ దగ్గర లేనిదేముంది," అంది హిల్డా.

* * *

పదకొండింటికి క్లబ్ హాలు కిటకిటలాడుతోంది. నడివయసు మగవాళ్ళు తమ చిన్నప్పటి కీబోర్డుల్ని పసిపిల్లల్ని తుడిచినట్టు తుడుస్తున్నారు. మూలనున్న కౌంటర్లో మాంసం కూరి కాల్చిన పైలు, ఉడికించిన బఠాణీలు. తలకి గుడ్డ కట్టుకున్న అమ్మాయి వడ్డిస్తోంది.

సెరీనా గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ కౌంటర్ షట్టర్ సగం దిగింది.

"పైలు అయిపోయాయి," అని వినిపించింది లోపల్నుంచి.

పైలే తిండిగా బతికే లాంకషైర్‌లో శనివారం పదకొండింటికే అవి అయిపోవడమా? పొయ్యి మీంచి వాసన ఇంకా గుప్పుమంటూనే ఉంది. హిల్డా ఆ సంగతి మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

సెరీనా తన పల్చటి తెర తీసింది. పాత బొమ్మని కొత్త తెరకి మార్చే కన్వర్టర్ డబ్బా తగిలించింది. క్యాసెట్ తిప్పితే స్పీకరు తోక తొక్కిన పిల్లిలా కాసేపు అరిచింది. తెర మీద నాలుగు వరుసలు పడ్డాయి:

సాక్షి కాలువ పక్క గోదాములో.
మూడో నంబరు తలుపు.
ఒంటిగంట దాకానే ఉంటుంది.
వెంటనే వెళ్ళు.

"ఇంతేగా," అంది సెరీనా లిప్‌స్టిక్ తీస్తూ. ఆ లిప్‌స్టిక్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన, రహస్యంగా కబురు పంపే ట్రాన్స్‌మిటర్. "నేను వెళ్ళి ఆమెని జాగ్రత్తగా తీసుకొస్తాను. మీరు టీ తాగుతూ ఉండండి."

మడమల చప్పుడు దూరమైంది. హిల్డా తెర వైపే చూస్తూ ఉండిపోయింది. ఇరవై ఏళ్ళలో నార్మన్ ఆమె పేరు లేకుండా ఒక్క చీటీ రాయలేదు. టీ పెట్టమని రాసినా పైన 'హిల్డా' ఉండాల్సిందే. ఈ ఉత్తరానికి తలకాయ లేదు.

కన్వర్టర్ బొమ్మ అంచుల్ని శుభ్రంగా కత్తిరించి పారేస్తుంది. పారేసిన సంగతి ఎవరికీ చెప్పదు. అచ్చం ఫిన్‌లే లాగే.

ఆమె ఆ డబ్బాని పీకి పక్కన పడేసి నార్మన్ మానిటర్‌ని ముందుకి లాగింది. ఏదో బడి పారేసింది, దూడంత బరువు. కంప్యూటర్ సాకెట్‌కి ఒక రకం పిన్నులు, మానిటర్‌కి ఇంకో రకం. రెండు పాత కేబుళ్ళు కోసి అతికింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఎర్త్ తీగ. స్విచ్ వేస్తే బొమ్మ తాళం తప్పిన భజనలా పైకి పరిగెత్తింది. తాళం వేసే ఐదో తీగ కలిపింది. బొమ్మ నిలబడింది. మళ్ళీ అవే నాలుగు వరుసలు. బొమ్మ అంచులు ఇంకా తెర బయటే ఉన్నాయి.

కేబుల్ అతుకుతుండగానే ఫిన్‌లేకి ఫోన్ కలిపింది. "సార్ మీటింగ్‌లో ఉన్నారు, లైన్లో ఉండండి," అని వయొలిన్ సంగీతం వేశారు. ఫోన్‌ని బల్ల మీద పెట్టి, మానిటర్ వెనక మూత విప్పింది.

బొమ్మ ఎత్తుని కుదించే నాబ్ లోపల ఉంటుంది. దాని పక్కనే వేల వోల్టులు ఎర్ర రబ్బరు టోపీ కింద కాచుక్కూర్చుని ఉంటాయి. హిల్డా ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, ప్లాస్టిక్ పుల్లతో కుడిచేత్తో నాబ్ తిప్పింది. రెండు చేతులూ లోపల పెడితే కరెంటుకి గుండె మీదుగా దారి వేసినట్టే. ఈ పని చేసేవాళ్ళు మొదటిరోజు నేర్చుకునేది అదే.

బొమ్మ కుదించుకుంది. పైనున్న చీకటి అంచులోంచి కొత్త వరుసలు దిగాయి:

హిల్డా,
కింద రాసిందంతా కుక్కలకి వేసిన బొమిక.
ఎవరు పరిగెత్తితే వాళ్ళే మన దొంగ.
పిల్ల పైల దగ్గర ఉంది.
నార్మన్‌కి బఠాణీలు వద్దట అను.

"ముసలి దొంగా," అంది హిల్డా మెల్లిగా. నాబ్ వెనక్కి తిప్పింది. పై వరుసలు మాయమయ్యాయి. పక్క గదిలో లాటరీ తీస్తున్నారని జనమంతా అటు కదిలారు.

"గోదాములో ఎలకలున్నాయి హిల్డా గారూ."

సెరీనా ఎదురుగా నిలబడి ఉంది. హ్యాండ్‌బ్యాగ్ నీడలో చిన్న పిస్తోలు.

"నీ మనుషులు కూడా అక్కడే ఉన్నారా?"

"ఇద్దరున్నారు. చాలా కోపంగా ఉన్నారు. జేబులోంచి చెయ్యి తియ్యి."

"తియ్యకూడదమ్మాయ్. మూత తీసిన మానిటర్ దగ్గర ఒక చెయ్యి జేబులోనే ఉండాలి."

"తియ్యి, ముసలిదానా."

హిల్డా చెయ్యి తీసి చూపించింది. చేతిలో దారపు పోగు తప్ప ఏమీ లేదు. సెరీనా నవ్వింది. "కేబుళ్ళ కొట్టులోనే ఉంటే ముసలితనంతో చచ్చేదానివి. నార్మన్ కూడా ఇలాగే చేతులు ఖాళీగా వచ్చాడు. మూత విప్పావంటే ఉత్తరంలో ఇంకేదో ఉంది. ఏముంది?"

"నాబ్ లోపలుంది. తిప్పి చూసుకో. కానీ ఒక చెయ్యి దూరంగా పెట్టు. మంచికే చెబుతున్నా."

"పిస్తోలు వదిలెయ్యమంటావు. అంత వెర్రిదానిలా కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావని నేనన్నానా?"

సెరీనా పిస్తోలుని ఎడమచేతికి మార్చుకుంది. గొట్టం హిల్డా గుండెకి గురిపెట్టి, ఆ మణికట్టుని మానిటర్ ఇనప చట్రం మీద ఆనించింది. కుడిచెయ్యి లోపలికి పోనిచ్చింది. పొడుగ్గా పెంచుకున్న గోళ్ళు. ఎర్ర టోపీ అడ్డమొస్తుంటే చిరాగ్గా పక్కకి లాగింది.

చిటుక్కుమంది.

సెరీనా రెండడుగులు వెనక్కి ఎగిరి, అమ్మకానికి పెట్టిన జాయ్‌స్టిక్‌ల బుట్టలో కూలబడింది. పిస్తోలు బల్ల కింద చేరింది. హిల్డా దాన్ని కాలితో ఆపి, సెరీనా మెడ మీద రెండు వేళ్ళు పెట్టి చూసింది. నాడి ఆడుతోంది. మిగిలిన కేబుల్ ముక్కతో మణికట్లు కట్టేసింది. ఇరవై ఏళ్ళు కేబుళ్ళు చుట్టిన చెయ్యి, ముడి ఊరికే వదలదు.

తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్ళి షట్టర్ మీద తట్టింది. "నార్మన్‌కి బఠాణీలు వద్దట."

షట్టర్ లేచింది. తలగుడ్డ అమ్మాయి గరిటె పట్టుకునే బయటికి వచ్చి, బుట్టలో పడున్న దంతపు రంగు సూటుని చూసింది.

"ఈవిడే," అంది రూటా. "నార్మన్ తాతయ్య ఏడీ?"

హిల్డా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల గరిటెని కౌంటర్ మీద పెట్టేసింది.

బల్ల మీద వయొలిన్లు ఆగాయి. "ఆఁ, మిసెస్ ఎంట్విసిల్," అన్నాడు ఫిన్‌లే. "అర్జెంటా?"

"ఇందాక అర్జెంటే సార్. ఇప్పుడు కాదు. కాలువ గోదాములో ఇద్దరున్నారు, పట్టుకోండి. మీ సెరీనా ఇక్కడుంది, తీసుకెళ్ళండి."

"సెరీనానా? అసాధ్యం... ఆమెకేం కావాలి? ఏదైనా పంపమంటావా?"

హిల్డా ఎడమ చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకుని మానిటర్ స్విచ్ కట్టేసింది.

"ఒక కోటు పంపండి సార్," అంది. "జేబులున్నది."