అతుకు కనిపించని కట్

తెర మీద అల ఆగిపోయి ఉంది. అల ముందు, నల్లరాతి మీద, పసుపు చీరలో ఒకావిడ నవ్వుతూ నిలబడి ఉంది.

"ఇక్కడ కట్ చెయ్యమంటారా మేడమ్?" అన్నాడు పైడిరాజు. తలకి బిగుతైన టోపీ, టోపీ నిండా సన్నటి వైర్లు.

"ముందు కాపీ తీసుకోండి," అంది డాక్టర్ షమీమ్ మెల్లగా. "ఎడిటింగ్‌లో మొదటి పాఠం అదే. అసలు ఫుటేజీని ముట్టుకోకూడదు. ఏం చేసినా కాపీ మీదే."

అద్దం తలుపు అవతల కూర్చున్న కుసుమ మొహం పక్కకి తిప్పుకుంది. తెర మీద నవ్వుతున్నది ఆమె తల్లి నూకరత్నం. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూసే ధైర్యం కుసుమకి లేదు.

కొన్నాళ్ళ క్రితం, వేసవి చివర్లో ఒక సాయంత్రం పైడిరాజు భార్యని సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళాడు. విశాఖ పోర్టులో క్రేన్ నడిపే మనిషికి తీరిక దొరకడమే గగనం. కొత్త చీర కట్టుకుని రాళ్ళ మీద నిలబడి ఫోటో తియ్యమంది ఆవిడ. "కొంచెం వెనక్కెళ్ళు రత్నం, సముద్రం సరిగ్గా పడట్లేదు," అన్నాడు. వెళ్ళింది. "ఇంకొంచెం," అన్నాడు. అదే సమయానికి అల లేచింది.

అప్పట్నుంచీ పైడిరాజు క్రేన్ ఎక్కలేదు. కళ్ళు మూసుకుంటే అదే అల, చెవుల్లో తన గొంతే. అన్నం ముందు కూర్చుని "నేనే అన్నానమ్మా, వెనక్కెళ్ళమని నేనే అన్నాను" అని గొణుక్కునేవాడు. ఒకరోజు అవే రాళ్ళ మీద, అలలు కాళ్ళకి తగిలేంత చివర్న నిలబడి ఉంటే, వల వేసుకునేవాళ్ళు చెయ్యి పట్టి లాక్కొచ్చారు. ఆ మర్నాడే కుసుమ తండ్రిని ఈ ల్యాబ్‌కి తీసుకొచ్చింది.

అప్పటికి ఊళ్ళో అందరూ అక్కడి యంత్రాన్ని రీలు మిషన్ అనేవాళ్ళు. పని చేసే తీరు చెప్పుకుంటే సులువే. మనిషి ఒక సంఘటనను గుర్తుతెచ్చుకుంటున్నప్పుడు మెదడులో పుట్టే సంకేతాలను టోపీ అందుకుంటుంది, కంప్యూటర్ వాటిని వీడియోగా మారుస్తుంది. అసలు విశేషం ఆ తర్వాతది. గుర్తుతెచ్చుకున్న ప్రతిసారీ జ్ఞాపకం కాసేపు తడి సిమెంటులా మెత్తబడుతుంది. ఆ కాసేపట్లో ఎడిట్ చేసిన వీడియో చూపిస్తే, ఆ రూపంలోనే మళ్ళీ గట్టిపడుతుంది. ఒకటే షరతు: ఎవరి జ్ఞాపకాన్ని వాళ్ళే కత్తిరించుకోవాలి. ఇంకొకరు కత్తిరించి ఇస్తే మెదడు తనది కాదని తోసేస్తుంది. అందుకే ఆ ల్యాబ్‌కి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాల్సి వచ్చేది.

పైడిరాజు మొదటి కట్ మొరటుగా వచ్చింది. భార్య నవ్వు దగ్గర కోసేసి, ఆవిడ పోయిన తర్వాతి వారం తన ఇంటి గుమ్మంలో నిలబడ్డ జ్ఞాపకాన్ని తెచ్చి అతికించాడు. అల పోయింది, తన గొంతూ పోయింది. కానీ ఆ జ్ఞాపకం దగ్గరకి వచ్చినప్పుడల్లా మెట్టు తప్పినట్టు ఉలిక్కిపడేవాడు.

"ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది కుసుమ.

"పర్లేదమ్మా. మీ అమ్మ పోయిందని తెలుసు. ఎలా పోయిందో మాత్రం అందట్లేదు. అక్కడేదో గతుకు. కాలికి తగుల్తోంది."

కానీ అన్నం తింటున్నాడు. నిద్రపోతున్నాడు. రాళ్ళ వైపు వెళ్ళడం మానేశాడు. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. తండ్రి ఉలిక్కిపడ్డ ప్రతిసారీ కుసుమ గుండె గుభేలుమనేది. డాక్టర్ దగ్గరకి వెళ్ళి, "ఆ గతుకు కూడా లేకుండా చెయ్యలేమా మేడమ్?" అని తనే అడిగింది.

"చెయ్యొచ్చు. ఆయన ఇంకాస్త నేర్చుకోవాలి," అంది డాక్టర్ షమీమ్ ఉత్సాహంగా. "చూసేవాళ్ళకి ఎడిటింగ్ జరిగిన సంగతే తెలియకూడదు. మంచి ఎడిటింగ్ అంటే అదే."

కష్టపడి నేర్చుకున్నాడు పైడిరాజు. బొమ్మ కదులుతున్నప్పుడు కట్ చేస్తే కన్ను పసిగట్టదని తెలుసుకున్నాడు. వచ్చే షాట్ శబ్దాన్ని ముందే వినిపిస్తే చెవి సర్దుకుపోతుందని, రెండు షాట్లలో వెలుగు కలవకపోతే ఎంత బాగా అతికించినా తెలిసిపోతుందని తెలుసుకున్నాడు. క్రేన్ కొక్కేన్ని కంటైనర్ మీదకి దించినంత ఓపిగ్గా ఒక్కో ఫ్రేమూ జరిపి చూసుకునేవాడు. తండ్రి మళ్ళీ ఒక పనిలో మునిగిపోవడం చూసి కుసుమ ఎంతో సంతోషించింది.

చివరికి ఆయనకి కావలసిన షాట్ పాత జ్ఞాపకాల్లో దొరికింది. ఏదో ఆదివారం, వంటింట్లో నూకరత్నం, కిటికీలోంచి అదే సాయంత్రపు ఎండ. కుక్కర్ కూతకి ఆవిడ తల తిప్పుతుంది. రాళ్ళ మీద, అల చప్పుడుకీ అలాగే తిప్పింది. ఆ తల తిప్పుడు మధ్యలో కోసి, రెండూ కలిపాడు. అల హోరు సన్నబడి కుక్కర్ కూతలోకి కలిసిపోయింది. సముద్రం దగ్గర తల తిప్పిన మనిషి వంటింట్లో ఇటు తిరిగి, "లేటయిందే ఇవాళ?" అంది.

డాక్టర్ షమీమ్ రెండుసార్లు వేయించుకుని చూసింది. "నాకే కనిపించట్లేదు పైడిరాజు గారూ, ఎక్కడ కోశారో!" అంది. ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. ఆ సాయంత్రమే దాన్ని ఆయన జ్ఞాపకంలోకి ఎక్కించారు.

మర్నాడు పొద్దున్న పైడిరాజు హుషారుగా లేచి వంటింట్లోకి తొంగిచూశాడు. "మీ అమ్మేదమ్మా? పొద్దున్నే ఎక్కడికెళ్ళింది?"

కుసుమ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "నాన్నా... అమ్మ లేదు కదా."

"లేదంటే?"

చెప్పింది. ఆయన మొదటిసారి విన్నట్టే విన్నాడు. మొదటిసారి ఏడ్చినట్టే, గోడకి తల కొట్టుకుని ఏడ్చాడు. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయాడు. లేచాక మంచం మీంచే కేకేశాడు: "రత్నం! కాసిని టీ నీళ్ళు పొయ్యవే!"

"చావు జ్ఞాపకమే మిగతావాటికి తల్లివేరు," అంది డాక్టర్ షమీమ్, కుసుమ మొహంలోకి చూడలేక. "మొదటి కట్‌లో గతుకుండబట్టి అక్కడేదో పోయిందని మెదడుకి తెలిసేది. ఇప్పుడు ఆ గతుకూ లేదు. అంత్యక్రియలు, దినకర్మ దేన్ని పట్టుకుని నిలబడతాయి? రాలిపోయాయి. మనం చెప్పిందీ నిద్రతో జారిపోతోంది. ఇంత బాగా ఇంతవరకూ ఎవరూ అతకలేదు. ఇలా అవుతుందని నేను ఊహించలేదమ్మా."

కుసుమ మరికొన్నాళ్ళు నిజమే చెప్పింది. చెప్పిన ప్రతిరోజూ తండ్రికి భార్య కొత్తగా చనిపోయేది. ఇక తట్టుకోలేక, "పెద్దమ్మ వాళ్ళింటికెళ్ళింది నాన్నా, రేపొస్తుంది," అనడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఆయన కడుపునిండా తిని, డ్యూటీకి వెళ్ళొచ్చేవాడు. వస్తూ వస్తూ భార్యకని మల్లెపూలు తెచ్చేవాడు. అవి వాడిపోయాక కుసుమ ఆయన చూడకుండా పారేసేది.

దారి ఒకటే మిగిలింది. అసలు ఫుటేజీ భద్రంగా ఉంది. అది ఆయన జ్ఞాపకమే కాబట్టి మెదడు తోసెయ్యదని డాక్టర్ నమ్మకం. కుసుమ రెండ్రోజులు ఆలోచించి ఒప్పుకుంది. అమ్మ చావు నాన్నకి తిరిగి ఇప్పించడానికి సంతకం పెడుతుంటే ఆమెకి అక్షరాలు కనపడలేదు.

పైడిరాజు టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి కుసుమ పక్కనే కూర్చుని, తండ్రి చెయ్యి పట్టుకుని, మొదటిసారి పూర్తిగా చూసింది. రాళ్ళు. పసుపు చీర. "ఇంకొంచెం" అన్న గొంతు. అల. తర్వాత ఖాళీ రాయి, ఫోను జారిపడిన చప్పుడు, ఆగని కేకలు.

తెర నల్లబడింది. పైడిరాజు కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. డాక్టర్ మీటర్ల వైపు చూసి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. మెదడు తీసుకోలేదు.

"అయ్యయ్యో," అన్నాడు పైడిరాజు కండువాతో కళ్ళొత్తుకుంటూ. "ఎవరమ్మా పాపం వీళ్ళు? ఆవిడ అచ్చం మీ అమ్మలాగే ఉంది. ఆ మొగుడు ఎలా బతుకుతున్నాడో."

కుసుమ ఆయన తల మీంచి టోపీ తీసింది.

ఆయన కూతురి చెయ్యి నొక్కి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్ళాక మీ అమ్మకి మాత్రం చెప్పకు. దానికి సముద్రమంటే సరదా. ఇది వింటే మళ్ళీ ఒడ్డుకి రానంటుంది."

"చెప్పను నాన్నా," అంది కుసుమ.