‘గో ఫర్ ఇట్’ అన్నవాడి బాకీ

అన్యాయం ఎవరికి జరిగింది? కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపట్టే అమ్మాయికి. ఎలా జరిగింది? మనసు విప్పి సలహా అడిగితే, అదే దుకాణంలో కంటిపరీక్ష చేసే యువకుడు మూడు ఇంగ్లీషు ముక్కలు చేతిలో పెట్టి పంపించాడు.

దూరపు ఊళ్ళోని అద్దాల కర్మాగారం నుంచి ఆమెకు పెద్ద ఉద్యోగానికి పిలుపు వచ్చింది. వెళ్ళాలని ఉంది, అతణ్ణి విడిచి వెళ్ళాలని లేదు. అతని మనసులో తనకు చోటున్నదో లేదో తేలితే తప్ప అడుగు పడేటట్టు లేదు. వాన వల్ల బేరాలు లేని ఒక మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకొని, వెళ్ళమంటారా అని అడిగింది. అతడు తల ఎత్తకుండానే, "గో ఫర్ ఇట్" అన్నాడు.

ఆనాటి నుంచి ఆమె చేతికి పని తిన్నగా సాగలేదు. ఎడమకంటి అద్దాన్ని కుడివైపు బిగించి నాలుక కరుచుకుంది. ఆ మాటకు అర్థమేమిటని అన్నయ్యను అడిగితే, వెనకాడకుండా ముందుకు వెళ్ళమని ఉత్సాహపరచడం అన్నాడు. అంత మంచి మాటైతే ముఖం చూసి ఎందుకు చెప్పలేదు? మేనత్తను అడిగితే, ఇష్టమున్నవాడు వెళ్ళమంటాడా పిచ్చిదానా అని చిక్కుముడికి మరో ముడి వేసింది.

వెళ్ళమన్నవాడే మరో వాన సాయంత్రం బస్సు స్టాపు దాకా గొడుగు పట్టాడు. ముప్పావు గొడుగు ఆమె మీదే. అతని భుజం తడిసి ముద్దయింది. పొమ్మనలేక పొగబెట్టాడనుకుందామంటే ఈ గొడుగేమిటి?

గొడుగు సంగతి విన్న మేనత్త ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్నే కంటిపరీక్ష నెపంతో వచ్చి కుర్చీలో కూర్చుంది. అతడు ఒక్కొక్క అద్దం మార్చి, ఏది బాగుందని అడుగుతున్నాడు. చెక్క అడ్డు అవతల సానయంత్రం ఆగిపోయింది.

"ఏది బాగుందో నువ్వే చెప్పరాదూ, నాయనా?"

"నేను చెప్పకూడదండీ. చెబితే మీరు నా మాట కోసం సరేనంటారు. రేపు చూడాల్సింది మీ కళ్ళు కదా."

"మా పిల్లకూ ఇదే వైద్యమా?"

అతని చేతిలో అద్దం ఆగిపోయింది. "ఉండమంటే నా కోసం ఆగిపోతుందేమోనని భయమేసింది, అత్తయ్యగారూ."

"అప్పుడే అత్తయ్యనైపోయానా? సరే, విను. అన్నీ తేల్చుకుని, కాలు కదలని వాళ్ళకి చెప్పే మాట ఆ ‘గో ఫర్ ఇట్’. నీ మనసేమిటో తెలుసుకుందామని వచ్చిన పిల్లకి కాదు. దానికి నువ్వు జవాబు బాకీ ఉన్నావు. వెళ్ళి ఇచ్చుకో."

అతడు చెక్క అడ్డు దాటి వచ్చాడు. ఆమె పొడిగానే ఉన్న అద్దాన్ని మళ్ళీ తుడుస్తున్నది.

"నువ్వు వెళ్ళాలి. అది నిజం," అన్నాడు. "నువ్వు లేకపోతే నాకిక్కడ ఊపిరాడదు. అదీ నిజమే. రెండూ ఆ రోజే చెప్పాల్సింది. అక్కడా కళ్ళున్నవాళ్ళు ఉంటారుగా, నాకూ పని దొరుకుతుంది. నువ్వు రమ్మంటే వస్తాను."

కోపం ఇంకాసేపు నిలుపుకోవాలని ఆమె గట్టిగానే ప్రయత్నించింది.

"రండి," అంది చివరకు.

పరీక్ష ఫ్రేము ముక్కు మీద ఉండగానే మేనత్త గుమ్మంలోకి వచ్చింది. బాకీ పూర్తిగా తీరిందని తీర్పు చెప్పి, వాళ్ళ అమ్మానాన్నలను సాయంత్రం తమ ఇంటికి తీసుకురమ్మని అతనికి చెప్పింది.