గాలి లేని సముద్రం

ఆదివారం పొద్దున టిఫిన్ ప్లేట్లు తీసి బల్ల తుడవగానే ఆ ఇంట్లో యుద్ధం మొదలయ్యేది. అత్తాకోడళ్ళ యుద్ధం. నీలం గుడ్డ పరిచిన భోజనాల బల్లే సముద్రం. దాని మీద అరచేతిలో ఇమిడేటంత తెరచాప ఓడలు, అత్తగారివి ఆరు, కోడలివి ఆరు. వారంలో మిగతా రోజులు ఆ ఇద్దరూ ఒక్క మాట అనుకోకపోవడానికి ఈ ఆటే కారణమని పక్కింటివాళ్ళు నవ్వుకునేవారు.

నాలుగు నెలల క్రితం అత్తగారికి పక్షవాతం వచ్చింది. మాట పోలేదు గానీ కుడిచెయ్యి పడిపోయింది. ఓడరేవు ఆఫీసులో ముప్పయ్యేళ్ళపాటు ఏ ఓడ లోపలికి రావాలో, ఏది బయటే ఆగాలో చెప్పిన మనిషి, గుండీ పెట్టించుకోవడానికి కోడల్ని పిలవాల్సి వచ్చింది. దాన్ని ఎలాగో ఓర్చుకుంది. ఆట లేని ఆదివారాలను మాత్రం ఓర్చుకోలేకపోయింది.

అందుకే ఒక ఆదివారం పొద్దున కొడుకు కొత్త రూల్స్ ప్రింటు తీయించుకొచ్చాడు. నాలుగంటే నాలుగు పేజీలు. పాత పుస్తకం యాభై పేజీలది. పాత ఆటలో ముందు గాలి ఎటు వీస్తోందో తేల్చుకోవాలి. ఏ ఓడ ఎటు తిరగాలో ఇద్దరూ ఒకరికొకరు చూపించకుండా రాసుకోవాలి. తర్వాత ఒక్కసారే కదపాలి. గాలికి ఎదురు తిప్పిన ఓడ ఉన్నచోటే నిలబడిపోతుంది. కొత్త ఆటలో గాలీ లేదు, రాతా లేదు. పాచిక వేసి జరపడం, పాచిక వేసి పేల్చడం. అరగంటలో అయిపోతుందనీ, అమ్మకి శ్రమ ఉండదనీ, మందుల షాపు నడిపేవాడు కాబట్టి మోతాదు చెప్పినట్టే చెప్పాడు.

మొదటి ఆట అత్తగారు గెలిచింది. రెండోదీ ఆవిడే గెలిచింది. కొడుకు చప్పట్లు కొట్టాడు. మూడో ఆటలో కోడలు తన పెద్ద ఓడను తీసుకొచ్చి, దాని వెనకభాగం సరిగ్గా అత్తగారి ఫిరంగుల ఎదుట పెట్టింది. ఏ ఓడకైనా ఆయువుపట్టు అదే. ఆరేళ్ళ ఆటలో కోడలు అలాంటి పొరపాటు ఒక్కసారి కూడా చేయలేదు.

అత్తగారు ఎడమచేతిలోని పాచికను వేయకుండా పక్కన పెట్టింది.

"నా చేతిలో ఓడిపొమ్మని నీకెవరు చెప్పారు?"

కోడలు మొగుడి వైపు చూసింది.

"డాక్టరు నిన్ను కంగారు పడనివ్వొద్దన్నాడమ్మా," అన్నాడు కొడుకు.

"డాక్టరు గాలి తీసేయమన్నాడా?"

ఆవిడ గొంతు పెరగలేదు గానీ గట్టిపడింది. "చెయ్యి పడిపోయింది. బుర్ర పడిపోలేదు. ఇలా గెలిపించే బదులు ఓడలన్నీ అటక మీద పెట్టెయ్యండి. పాత పుస్తకం తియ్యి."

"పాత ఆటంటే రాయాలి కదమ్మా. ఒక్కో ఓడకి పది నిమిషాలు పడుతుంది నీకు."

"పడనీ. ఎవరికి తొందర?"

"నాకు," అన్నాడు. అనేశాక తనే తడబడ్డాడు. "నువ్వు అక్షరం దిద్దుతుంటే నేను చూడలేనమ్మా. నా వల్ల కాదు."

శ్రమ తగ్గించింది ఎవరికో అత్తగారికి అప్పుడు అర్థమైంది. కోపం కాస్త దిగింది, పట్టుదల దిగలేదు.

"చూడలేకపోతే ముందు గదిలోకి వెళ్ళి కూర్చో. నేను మాత్రం రాస్తాను."

కోడలు లేచి పాత పుస్తకం తెచ్చింది. నాలుగు పేజీల కాగితాన్ని మడిచి, కదులుతున్న బల్లకోడు కింద పెట్టింది. ఓడలన్నీ ఆట మొదలయ్యే వరసలోకి సర్దింది.

ఎడమచేత్తో రాయబోతే పెన్సిల్‌తో పాటు కాగితమూ జరిగిపోతోంది. మొదటి ఓడకి ఏడు నిమిషాలు పట్టింది. రెండోదానికి ఎనిమిది. కోడలు గడియారం వైపు చూడలేదు, ఆవలించలేదు, సాయం చేస్తాననలేదు. కానీ మూడో ఎత్తులో అత్తగారి పెద్ద ఓడ గాలికి ఎదురు తిరిగి నిలబడిపోగానే, చుట్టూ తిరిగి వెనకనుంచి వచ్చి మూడు ఓడలతో ఒకేసారి పేల్చింది. దాని తెరచాప కొయ్యలు రెండూ పోయాయి.

"జెండా దించి లొంగిపోతారా అత్తయ్యా?" అంది, కొంచెం కూడా జాలి లేకుండా.

అత్తగారి మొహం వెలిగిపోయింది. నాలుగు నెలల్లో తనని రోగిలా చూడని మొదటి మాట అది.

"దించను. చిల్లులు పడనీ."

మళ్ళీ పెన్సిల్ అందుకుంది. మళ్ళీ కాగితం జారింది. ముందు గదిలోకి వెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డ కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. కాగితం అంచుమీద రెండు వేళ్ళు ఆనించి పట్టుకున్నాడు.

"పట్టుకో. చూడకు మాత్రం," అంది ఆవిడ. "నువ్వు దాని మొగుడివి. నా ఎత్తులు దాని దగ్గర దాచలేవు."

అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. తల్లి ఒక్కో అక్షరం దిద్దుతూ ఉన్నంతసేపూ కాగితాన్ని కదలనివ్వలేదు.